అనవసర ఖర్చు

మా ఇంట్లో పోలీసుల మీద పడి బతికేవాళ్లు ఇద్దరు. ఒకరు మా ఆయన, పోలీసు బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. రెండోది మా అమ్మాయి, పోలీసుల మీద కేసులు వేసే లాయరు దగ్గర జూనియరు. ఆయన జీతంతో చదువుకుని, ఆయనకు జీతమిచ్చేవాళ్లనే కోర్టుకు ఈడుస్తోందని నేను దెప్పితే తండ్రీకూతుళ్లు ఇద్దరూ కలిసి నవ్వేవాళ్లు. వాళ్లిద్దరూ ఒకటైతే నేను గోడకు చెప్పుకున్నట్టే. నా పక్షాన కుట్టుమిషను ఒక్కటే ఉంది. అది ఎదురు చెప్పదు.

మా ఆయన పేరుకే పోలీసు. బ్యాండులోకి అని చేరాడు, బ్యాండులోనే జుట్టు నెరిసింది. లాఠీ పట్టుకోగా నేనెన్నడూ చూడలేదు. వంటింట్లో బొద్దింక కనపడితే కుర్చీ ఎక్కి నన్ను పిలిచే మనిషి. ఆదివారం సాయంత్రాలు పార్కులో గుండ్రటి అరుగు మీద వాళ్ల బ్యాండు వాయించేది. పింఛను తీసుకునే పెద్దలు, చంటిపిల్లల తల్లులు, ఇంట్లో ఏదో సాకు చెప్పి వచ్చిన జంటలు బెంచీల మీద కూర్చునేవాళ్లు. వాళ్లందరినీ ఆయన 'శ్రోతలు' అనేవాడు. ఇంటికి వచ్చి బూట్లు విప్పుకుంటూ, ఇవాళ శ్రోతలు బాగా వచ్చారు అని మురిసిపోయేవాడు. అందులో సగంమంది బెంచీల కోసమే వచ్చారని నేను అనలేదు. కట్టుకున్నదానికి ఆ మాత్రం జాలి ఉండాలి కదా.

ఆ ఏడాది ఎండలు ముదిరే వేళకి, ఫోన్లు బాగుచేసుకునే కుర్రాడొకణ్ణి ఏదో అడగాలని స్టేషనుకు తీసుకెళ్లారు. వెళ్లినవాడు నడిచి వెళ్లాడు, వచ్చింది శవం. ఊరు ఊరంతా రోడ్డెక్కింది. మొదట కాలేజీ పిల్లలు, తర్వాత నర్సులు, బస్సు డ్రైవర్లు, చివరికి మా వీధిలో ఎవరితోనూ మాట్లాడని మందుల షాపాయన కూడా. అందరిదీ ఒకే అరుపు: ఆసుపత్రిలో మంచాలు లేవు, పిల్లల బళ్లకు పైకప్పులు లేవు, పోలీసులకు మాత్రం ఏటేటా బడ్జెట్ పెంచుతారు, అది కొయ్యండి. మా అమ్మాయి ఇంటికి బట్టలు మార్చుకోడానికి మాత్రమే వచ్చేది. గొంతు బొంగురుపోయింది. ఆయన తన గొంతు కోసం దాచుకున్న మందు బిళ్లలు తీసి దాని సంచిలో వేసేవాడు. పోలీసు మందు మింగి పోలీసుల మీద అరిచిందన్నమాట.

బడ్జెట్ సమావేశం దగ్గర పడేసరికి మేయరుకు కాళ్లూ చేతులూ ఆడలేదు. చర్చలకు రమ్మని కబురు పెట్టాడు. వెళ్లేవాళ్లలో మా అమ్మాయి కూడా ఉంది, రాత బాగుంటుందని డిమాండు రాసే పని దానికే అప్పజెప్పారు. నేను బట్టలు కత్తిరించుకునే బల్ల మీద కూర్చుని రాసింది. పోలీసుల పద్దు సగానికి సగం కొయ్యాలి అని మొదలుపెట్టింది. ఆయన భుజం మీదుగా తొంగిచూసి పెదవి విరిచాడు.

"సగం అంటే నీతో ఎవరూ మాట్లాడరు తల్లీ," అన్నాడు. "లెక్క చెప్పి బేరానికి దిగితే బేరంలోనే ఓడిస్తారు. కాదనడానికి ఎవరికీ నోరు రాని మాట వెయ్యి."

"ఏం మాట నాన్నా?"

"అనవసరమైన ఖర్చులు తగ్గించాలి, అను. అనవసరమైనవి ఉంచుతామని ఏ మహానుభావుడంటాడు?"

మా అమ్మాయి కలం నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించింది. సగం కొట్టేసి ఆ మాట రాసింది. నువ్వు లాయరువి కావాల్సింది నాన్నా, అంది. ఆయన ఛాతీ ఇంత అయింది. అనవసరమైనవేమిటో ఆయనకు తెలుసు. జనం మీదకు తోలడానికని కొని షెడ్డులో తుప్పు పట్టిస్తున్న ఇనపబండి ఒకటి, కమిషనరు గారి రెండో కారు, ఆ కారుకు మరో డ్రైవరు. వాటిని తలుచుకుని చెప్పాడు, పాపం. ఏది అవసరమో ఏది కాదో తేల్చేది ఎవరు అన్న ప్రశ్న ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. నాకు వచ్చిందని గొప్పలు పోను. అప్పుడు నా నోట్లో గుండుసూదులున్నాయి, లేకపోయినా ఆ ప్రశ్న వచ్చేది కాదు.

డిమాండు ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. మేయరు బయటికొచ్చి పిల్లలతో చేతులు కలిపాడు. మెట్ల మీద మిఠాయిలు పంచుకున్నారు. కమిషనరు గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. తన పద్దు కోస్తామంటే చప్పట్లు కొట్టే అధికారి గురించి వినడం నాకదే మొదలు. ఆ ముక్క అంటే, నీకెప్పుడూ అనుమానమే అమ్మా అని మా అమ్మాయి విసుక్కుంది.

అనవసరమైనవేవో ఎవరు చెప్పాలి? ఏ శాఖ సంగతి ఆ శాఖే చెప్పాలి, పద్ధతి అది. కమిషనరు గారు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పట్టిక పంపించారు. మొట్టమొదటిది పోలీసు బ్యాండు. రెండోది, స్టేషన్లలో మొగుడూ పెళ్లాల తగవులు విని సర్దిచెప్పే అక్కలు కూర్చునే గది. మూడోది, బళ్ల దగ్గర పిల్లల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేవాళ్లు. ఆ శాఖ మొత్తంలో ఎన్నడూ ఎవరి మీదా చెయ్యెత్తనివాళ్లని ఏరి ఏరి అనవసరం కింద వేశారు. మరి ఇనపబండి? అది అవసరం. ఇన్ని వేలమంది రోడ్ల మీదకు వస్తుంటే ఇనపబండి లేకుండా ఎలా? హెల్మెట్లు, డాళ్లు, నీళ్లు చిమ్మే లారీ, రాత్రింబగళ్లు కాపలా ఉన్నందుకు ఓవర్‌టైము, అన్నీ అవసరం. వాటి అవసరాన్ని మీరే కదమ్మా నిరూపించారు అని కమిషనరు గారు మా అమ్మాయితో చాలా మర్యాదగా అన్నారట.

తీరా బడ్జెట్ బయటికొస్తే అనవసరం తగ్గింది, అవసరం పెరిగింది, కలిపి చూస్తే కిందటేటి కన్నా మొత్తం ఎక్కువైంది. ఉద్యమానికి తలొగ్గిన నగరపాలక సంస్థ అని పేపర్లో పెద్దక్షరాలతో వేశారు. తలొగ్గడమంటే ఇంత లాభమని తెలిస్తే నేనూ మా ఇంటి ఓనరు ముందు ఎప్పుడో ఒగ్గేదాన్ని.

ఆయన పేపరు మోకాళ్ల మీద పెట్టుకుని 'అనవసరం' అన్నాడు. ఆగి మళ్లీ అన్నాడు. క్లారినెట్‌కు కొత్త రీడ్ పెట్టి ఊది చూసుకున్నట్టు మెల్లగా, గట్టిగా, నాలుగు రకాలుగా అన్నాడు. తన ఉద్యోగానికి తానే ఎసరు పెట్టుకున్నాడని నోటిదాకా వచ్చింది, మింగేశాను. మా అమ్మాయి వచ్చి ఆయన పక్కన కూలబడి ఏడ్చింది. ఆయనే దాన్ని ఓదార్చాడు. నువ్వు తప్పు రాయలేదు తల్లీ, మంచి మాటే, పడాల్సినచోట పడలేదు, అంతే అన్నాడు.

ఉద్యోగం ఊడుతుందనుకున్నాం. ఊడలేదు. పర్మనెంటు వాళ్లని తీసేయడానికి వీల్లేదు. అనవసరమైంది బ్యాండే కానీ బ్యాండువాళ్లు కాదని ఆర్డరు వచ్చింది. వాళ్లని అవసరమున్నచోట వేస్తారట. అవసరం ఎక్కడుంది? గుంపుల్ని అదుపు చేసే దళంలో. డోలు, ట్రంపెటు, క్లారినెట్టు అన్నీ స్టోరులో పెట్టి తాళం వేసి, మనిషికో డాలు, ఒక లాఠీ చేతికిచ్చారు. పోలీసుల్ని తగ్గించండి మహాప్రభో అని ఊరంతా అరిస్తే, లాఠీ పట్టేవాళ్లు ఒక బ్యాండుమేర పెరిగారు. మా ఆయన చేసే పనికి పేరైనా మారలేదు. అప్పుడూ వాయించడమే, ఇప్పుడూ వాయించడమే.

ఎర్రకోటు, బంగారు తాళ్లు మడిచి పెట్టెలో పెట్టాను. కొత్త ప్యాంటు కాళ్ల దగ్గర జానెడు పొడుగుంటే నేనే మడిచి కుట్టాను. ఆ దళంలో అందరూ తాటిచెట్టంత మనుషులు, ఈయన కొలతకు వాళ్ల దగ్గర బట్టల్లేవు.

మొదటి నెల నవ్వులాటగానే గడిచింది. జనాన్ని బెదరగొట్టడానికి లాఠీతో డాలు మీద కొడుతూ ముందుకు నడవాలట. అది నేర్పించే ఇనస్పెక్టరుకు బ్యాండువాళ్ల సంగతి తెలీదు. వీళ్లు తాళం తప్పి కొట్టలేరు. కొట్టండి అనగానే డోలాయన మొదలుపెట్టాడు, మిగతావాళ్లు అందుకున్నారు. బస్సు డ్రైవర్లు సమ్మెకు కూర్చున్నచోట మొదటిసారి అలా కొట్టుకుంటూ వెళితే, కూర్చున్నవాళ్లు బెదరడానికి బదులు చప్పట్లు కలిపారు. ఒకాయన లేచి చిందేశాడట. ఇనస్పెక్టరు గొంతు చించుకున్నా ఎవరికీ వినపడలేదు. ఆ సాయంత్రం మా ఆయన బూట్లు విప్పుకుంటూ, శ్రోతలు బాగానే ఉన్నారోయ్ అన్నాడు. నేనూ అమ్మాయీ పొట్టచెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

మర్నాటి నుంచి బ్యాండువాళ్లని విడదీశారు. పాతవాళ్ల మధ్య ఒక్కొక్కణ్ణి నిలబెట్టారు, తాళం పోయింది. ఒకరోజు ఎక్కణ్ణుంచో రాయి వచ్చి ఆయన హెల్మెట్‌కు తగిలింది. దెబ్బేం తగల్లేదు, కానీ ఆ రోజు అన్నం సగంలో వదిలేశాడు. తర్వాత్తర్వాత గమనించాను, ఆయన శ్రోతలు అనడం మానేశాడు. కొన్నాళ్లు జనం అన్నాడు. ఆ తర్వాత గుంపు అన్నాడు. ఇవాళ గుంపు పెద్దది, ఇవాళ గుంపు చిన్నది, అంతే. సొంత క్లారినెట్ ఒకటి ఇంట్లో ఉంది, దాని జోలికి పోలేదు. పెదాలు అలిసిపోయాయి అనేవాడు. పెదాలకేం పని ఉందని అలిసిపోవడానికి? ఓసారి మా గేటుకు అడ్డంగా ఎవరో స్కూటరు పెట్టారు. ఇదివరకైతే పక్కనుంచి ఒదిగి నడిచేవాడు. ఆ రోజు దాన్ని కాలితో తన్ని పడేశాడు. పడేసి, ఏమీ జరగనట్టు లోపలికొచ్చి మంచినీళ్లు అడిగాడు. ఆ రోజు నాకు భయం వేసింది. మొగుణ్ణి చూసి భయపడటం మా కాపురంలో అదే మొదటిసారి.

ఆ మాట అమ్మాయితో చెప్పాను. అది తిన్నగా కమిషనరు గారి దగ్గరికి వెళ్లి, బ్యాండును బతికించమని అడిగింది. ఆయన దానికి టీ ఇప్పించి, తనకూ సంగీతమంటే ప్రాణమన్నారట. అనవసరమన్నది మీరు, కోసింది మీరు, ఇప్పుడు అవసరమంటే మీరే అడగాలి, ప్రజలు అడిగితే కాదంటామా అని ఒక కాగితం అప్పటికప్పుడు టైపు చేయించి చేతిలో పెట్టారు. ప్రజల కోరిక మేరకు పోలీసు బ్యాండునూ తత్సంబంధిత అవసరాలనూ తీర్చడానికి పోలీసుల బడ్జెట్ పెంచవలసిందిగా కోరుతున్నాము, అని దాని సారాంశం. కింద మా అమ్మాయి సంతకానికి జాగా వదిలారు. తత్సంబంధిత అనేది సంచిలాంటి మాట, అందులో ఇనపబండి కూడా పడుతుంది.

కాగితం తెచ్చి నాన్న ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

"నా పీపీ కోసం నువ్వు మాట తప్పుతావా?" అన్నాడు. "ఇన్నాళ్లూ కొయ్యండని అరిచి, ఇప్పుడు పెంచండని నీ చేత్తో రాస్తే ఆ చచ్చిపోయిన కుర్రాడి తల్లి మొహం ఎలా చూస్తావు? వద్దు."

ఆ మాటన్నప్పుడు మళ్లీ నా పాత మొగుడిలా కనపడ్డాడు. నాకు గర్వంగా కూడా అనిపించింది. అమ్మాయి కాగితం మడిచి పక్కన పెట్టేసింది. పెరిగిన బడ్జెట్‌కు వ్యతిరేకంగా ఊరేగింపు తీద్దామని మళ్లీ బయల్దేరింది.

ఊరేగింపు వెళ్లే వీధిలోనే నేను జిప్పులు కొనే దుకాణం ఉంది. ఇంట్లో డబ్బానిండా జిప్పులున్నా, అయిపోయాయని నాకు నేనే చెప్పుకుని వెళ్లాను. దుకాణం మెట్ల మీద నిలబడ్డాను. అటు చివర దళం బారులు తీరి ఉంది. అందరికీ ఒకే హెల్మెట్, మొహానికి అద్దం, ఎవరు ఎవరో తెలీదు. ప్యాంటు అంచును బట్టి మా ఆయన్ని పట్టుకున్నాను. ఇటునుంచి జనం వచ్చారు. మొదటి వరుసలో బ్యానరు కర్ర పట్టుకుని మా అమ్మాయి.

కాసేపు అరుపులు, కాసేపు డాళ్ల చప్పుడు. ఆ చప్పుడులో ఇప్పుడు తాళం లేదు, వడగళ్లు పడ్డట్టుంది. ఇనస్పెక్టరు చెయ్యి ఊపాడు. డాళ్లు కదిలాయి. ముందు వరుస వెనక్కి తూలింది. ఒక పెద్దాయన, తన కళ్లజోడు కిందపడితే తీసుకోడానికి వంగాడు. నేను జానెడు మడిచి కుట్టిన ప్యాంటు అతని ముందుకొచ్చింది. లాఠీ లేచింది. పెద్దాయన వీపు మీద పడింది. ఒక్కసారైతే పొరపాటని సరిపెట్టుకుందును. మళ్లీ లేచింది. బ్యానరు కర్ర పట్టుకుని నలుగురి అవతల మా అమ్మాయి చూస్తూ నిలబడిపోయింది. నేను వెనక్కి తిరిగి దుకాణంలోకి వెళ్లి, దేనికో తెలీకుండా ఏవో జిప్పులు కొన్నాను.

ఆ సాయంత్రం ఆయన వచ్చి చేతులు చాలాసేపు కడుక్కున్నాడు. ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. నేను వడ్డించిందే మళ్లీ వడ్డిస్తున్నాను.

"ఆయన కళ్లజోడు కోసం వంగాడు నాన్నా," అంది అమ్మాయి.

ఆయన తలెత్తలేదు. "రాయి కోసం అనుకున్నాను," అన్నాడు. అద్దంలోంచి మొహాలు సరిగ్గా కనపడవనీ, వంగినవాణ్ణి వంగినట్టే చూస్తామనీ, లేచేదాకా ఆగితే ఆలస్యమైపోతుందని నేర్పించారనీ తాపీగా చెప్పాడు. ఏ పాట ఏ శ్రుతిలో మొదలుపెట్టాలో ఇదివరకు అంత తాపీగానే చెప్పేవాడు.

"ఆ చోట నేను వంగి ఉంటే?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. కొట్టను అనడానికి ఎంతసేపు పడుతుంది? పిచ్చిదానా, నిన్నెందుకు కొడతానే అని కసిరితే చాలు. ఏ తండ్రైనా అంటాడు, అబద్ధమైనా అంటాడు. ఆయన పళ్లెంలో వేలితో గీతలు గీస్తూ నిజంగానే ఆలోచించాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

"నువ్వు ముందు వరుసలో నడవకు తల్లీ," అన్నాడు. "వెనకాల నడువు."

ప్రేమగానే అన్నాడు. దాని గొంతుకు మందు బిళ్లలు ఇచ్చినంత ప్రేమగా అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి పంపు తిప్పి ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే అమ్మాయి వెళ్లి ఆ కాగితం మీద సంతకం పెట్టి వచ్చింది. ఉద్యమ నాయకురాలి కోరిక మేరకు పోలీసుల బడ్జెట్ మళ్లీ పెంపు అని ఫొటోతో సహా వేశారు. ఫొటోలో కమిషనరు గారు నవ్వుతున్నారు. పెంచినదాంట్లో చెంచాడు బ్యాండుకు, గంగాళమంతా తత్సంబంధితాలకు పోయింది. నిన్నటిదాకా దాని భుజం మీద చెయ్యేసి నడిచినవాళ్లు అమ్ముడుపోయావని దాని మొహాన్నే అన్నారు. సమావేశాలకు పిలవడం మానేశారు. పిలవకపోయినా వెళ్లి వెనక కుర్చీలో కూర్చుని వచ్చేది.

బ్యాండులోకి తిరిగి రమ్మని ఆయనకు ఆర్డరు చేతికొచ్చిన రోజున, నేను ఎర్రకోటు పెట్టెలోంచి తీసి ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన ఆర్డరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. సంతోషించాడో సిగ్గుపడ్డాడో ఆయనకే తెలియాలి, అరవడం మాత్రం అమ్మాయి మీద అరిచాడు. అది ఊరేగింపుకు వెళ్లడానికి గుమ్మం మెట్టు మీద కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటోంది.

"వద్దన్నానా? నా కోసం ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

అమ్మాయి ముడి గట్టిగా బిగించి లేచింది.

"నీ కోసం కాదు నాన్నా. ఎదుటి వరుసలో నువ్వు ఉండకూడదని. ముందు వరుసలో ఎవరో ఒకళ్లు నడవాలి కదా."